ఒకే ధర మాటున దాగిన రద్దీ

కరెంటు సంగతి వచ్చేసరికి మన దేశంలో అధికారులు, పెట్టుబడిదారులు, పత్రికల వాళ్ళు దాదాపు అందరూ తలూపే మాట ఒకటుంది. ప్రసార లైన్లలో రద్దీ అంటే తీగల కొరత. సరిపడా తీగలు వేస్తే రద్దీ పోతుంది. రద్దీ పోతే దేశమంతటా కరెంటుకు ఒకటే ధర పలుకుతుంది. దేశంలోని ఉత్పత్తినంతా ఒకే మార్కెట్ ద్వారా షెడ్యూలు చేసే పథకాన్ని 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ ముందుకు తెచ్చినప్పుడు ‘ఒకే దేశం, ఒకే గ్రిడ్, ఒకే ఫ్రీక్వెన్సీ, ఒకే ధర’ అన్న నినాదాన్నే దాని నుదుట రాసింది. 2024 అక్టోబరులో వచ్చిన జాతీయ విద్యుత్ ప్రణాళిక, 2032 దాకా ప్రసార వ్యవస్థకు రూ.9.15 లక్షల కోట్లు కావాలని లెక్కగట్టింది. నినాదంలోని మొదటి మూడు మాటలకూ పేచీ లేదు. దేశం ఒకటే. 2013 ఆఖరు నుంచి గ్రిడ్ కూడా ఒకటే. గ్రిడ్ ఒకటైతే ఫ్రీక్వెన్సీ ఒకటి కాక తప్పదు. నాలుగో మాట మాత్రం ఆ కోవలోకి రాదు. లైను నిండిపోయిన గంటలో ఇవతలి గట్టున కరెంటు విలువ వేరు, అవతలి గట్టున వేరు. ఆ తేడాను ధరలో చూపనంత మాత్రాన అది మాయమైపోదు. పేరు మార్చుకుని ఇంకెవరి బిల్లులోనో చేరుతుంది. తీగలు అక్కర్లేదని ఎవరూ అనలేరు. ధరను కప్పిపెట్టి తీగలు మాత్రమే వేసుకుంటూ పోతే రద్దీ తీరదు, చోటు మారుతుంది.

తీగల వాదానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మన దక్షిణాదిదే గనక ముందు దాన్నే చూడాలి. 2013 దాకా దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసీ కలవనట్టు ఉండేది. రామగుండం, చంద్రాపూర్ల మధ్య భద్రావతి దగ్గర ఒకటి, విశాఖ గాజువాకలో ఒకటి బ్యాక్ టు బ్యాక్ స్టేషన్లు. ఒడిశాలోని తాల్చేరు నుంచి కర్ణాటకలోని కోలారుకు ఒక డీసీ లైను. ఏసీ కరెంటును డీసీగా మార్చి, గుమ్మం దాటించి, మళ్ళీ ఏసీ చేసే ఇరుకు దారులివి. 2008లో పవర్ ఎక్స్ఛేంజీలు మొదలయ్యాక ఈ దారులు నిండిన ప్రతిసారీ మార్కెట్ రెండుగా చీలేది. ఉత్తరాన చవక, దక్షిణాన ప్రియం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ప్రకటించిన రోజులవి. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది జాతీయ గ్రిడ్‌లో కలిసింది. ఆ తర్వాత వార్ధా–నిజామాబాద్, అంగుల్–శ్రీకాకుళం, రాయ్‌గఢ్–పుగళూరు లైన్లు వచ్చి ధరల అంతరాన్ని క్రమంగా చెరిపేశాయి. ‘చూశారా, తీగే మందు’ అంటారు. నిజమే, ఆ జబ్బుకు అదే మందు. అయితే జబ్బు ఎక్కడుందో, ఎంత ముదిరిందో చెప్పినది చీలిన ధర. ఆ లైన్లు వేయాలన్న ఆలోచన ప్రణాళిక కాగితాల్లో ఎప్పుడో ఉండవచ్చు. అవి ఆలస్యమయ్యే ఒక్కో రోజు ఖరీదు ఎంతో ఎక్స్ఛేంజీ ఏ రోజుకారోజు రూపాయల్లో చూపింది. ధరల తేడా వల్ల మిగిలిన సొమ్ము కూడా ఎవరి జేబులోకీ పోలేదు, విద్యుత్ వ్యవస్థ అభివృద్ధి నిధికి చేరింది. జ్వరం తగ్గిందని థర్మామీటరును పారేయాలనడం ఈ కథ నేర్పే పాఠం కాదు.

ఒకే ధర మీద ఇంత నమ్మకం కుదరడానికి కారణం, గ్రిడ్‌ను మనం కాలువలా ఊహించుకోవడం. కాలువకు తూములుంటాయి. లస్కరు తూము దించితే నీళ్ళు ఆగుతాయి, ఎత్తితే పారతాయి. కాలువను వెడల్పు చేస్తే చివరి భూములకూ అందుతాయి. కరెంటు అలా పారదు. అనంతపురంలోని సౌర ప్లాంటు హైదరాబాద్‌లోని ఫ్యాక్టరీతో ఒప్పందం రాసుకుంటే, కరెంటు ఆ కాగితం చూసుకుని బయల్దేరదు. రెండు చోట్ల మధ్య ఎన్ని దారులుంటే అన్నిటిలోకీ చీలుతుంది. ఏ దారిలో అవరోధం తక్కువైతే అందులో ఎక్కువ పారుతుంది. పది లైన్లలో తొమ్మిది సగం ఖాళీగా ఉన్నా పదోది నిండితే బదిలీ అక్కడితో ఆగిపోవాల్సిందే. పైగా ఏ లైనునూ దాని శక్తి మేరకు నింపడానికి వీల్లేదు. ఏదో ఒక లైను హఠాత్తుగా పడిపోయినా మిగిలినవి ఆ భారాన్ని మోయగలగాలి కాబట్టి కొంత జాగా ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. అందుకే ప్రాంతాల మధ్య బదిలీ సామర్థ్యం 1,18,740 మెగావాట్లని 2024 ప్రకటనల్లో కనిపించిన అంకెను చూసి మురిసిపోకూడదు. అది లైన్ల మీద రాసి ఉన్న సామర్థ్యాల కూడిక. ఏ గంటలోనూ అంత కరెంటు ప్రాంతాల మధ్య పారదు. కొత్తగూడెం థర్మల్ కేంద్రంలో ఉన్న ఫేజ్ షిఫ్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్ లాంటి పరికరాలు తూము చేసే పనిని కొంతవరకు చేయగలవు. లైన్లు కలిసే ప్రతి కూడలిలోనూ వాటిని పెట్టలేం. కాబట్టి కరెంటు ఎటు పారాలో నిర్ణయించేవి రెండే: ఎవరు ఎక్కడ ఉత్పత్తి చేస్తున్నారు, ఎవరు ఎక్కడ వాడుతున్నారు. అంటే రద్దీ పుట్టేది చోటులో. చోటును పట్టించుకోని ధర దాన్ని ఎన్నటికీ సర్దలేదు.

చోటు తెలియని ధర ఎంత దూరం తీసుకుపోగలదో 2012 జూలై చివర్లో దేశమంతా చూసింది. అప్పట్లో షెడ్యూలుకు మించి వాడుకున్నా, తగ్గించి వాడుకున్నా, దాని ఖరీదును గ్రిడ్ ఫ్రీక్వెన్సీ నిర్ణయించేది. ఫ్రీక్వెన్సీ తగ్గితే కరెంటు ప్రియం, పెరిగితే చవక. ఫ్రీక్వెన్సీ గ్రిడ్ అంతటా ఒకటే గనక, చెప్పాలంటే అదే మన తొలి ‘ఒకే ధర’. ఆ జూలైలో వానలు పడి పశ్చిమ రాష్ట్రాల్లో వాడకం తగ్గింది; వానలు మొహం చాటేసిన ఉత్తరాదిలో పెరిగింది. పశ్చిమం షెడ్యూలు కన్నా తక్కువ తీసుకుంటోంది, ఉత్తరం ఎక్కువ లాగుతోంది. ఈ రెంటినీ కలిపే బినా–గ్వాలియర్–ఆగ్రా మార్గంలో ఒక సర్క్యూటును 765 కేవీకి పెంచే పనుల కోసం అప్పటికే ఆపి ఉంచారు. 30వ తేదీ తెల్లవారుజామున 2 గంటల 33 నిమిషాలకు బినా–గ్వాలియర్ లైను ట్రిప్ అయి ఉత్తరాది చీకటైంది. అప్పుడు ఫ్రీక్వెన్సీ 49.68 హెర్ట్జ్; అంటే అనుమతించిన పరిధిలోనే ఉంది. తక్కువగా ఉన్న ఆ ఫ్రీక్వెన్సీ పశ్చిమానికి ‘ఇంకా తక్కువ తీసుకో, డబ్బులొస్తాయి’ అని చెబుతోంది. లైను భద్రతకు కావాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం. మర్నాడు మధ్యాహ్నం మరో దెబ్బ తగిలి ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతాలు మూడూ పడిపోయాయి. విచారణ సంఘం ఎత్తిచూపిన కారణాల్లో రక్షణ పరికరం తప్పుగా స్పందించడం, తగ్గించుకోమన్న ఆదేశాలను రాష్ట్రాల లోడ్ డిస్పాచ్ సెంటర్లు సరిగా పాటించకపోవడం ఉన్నాయి. ఆ ధరల పద్ధతినే సమీక్షించి, ఫ్రీక్వెన్సీ నియంత్రణకు దాన్ని వాడటం క్రమంగా మానాలని కూడా ఆ సంఘం సిఫారసు చేసింది. పెద్ద లైను వేయడం కోసం చిన్న లైనును ఆపిన వేళ ఆ ప్రమాదం జరగడం గమనించదగింది. తీగ వస్తుంది, వచ్చేలోపు గ్రిడ్‌ను నడపాల్సింది చోటు తెలిసిన లెక్కే.

ఇప్పుడు రాజస్థాన్‌కు వద్దాం. భడ్లా, ఫతేగఢ్ ఎడారి ప్రాంతాల్లో ఎండకు, భూమికి కొదవ లేదు. కానీ అన్ని సౌర ప్లాంట్లూ కట్టగట్టుకుని అక్కడికే పోవడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. 2025 జూన్ 30లోగా పూర్తయిన సౌర, పవన ప్రాజెక్టుల కరెంటుకు అంతర్రాష్ట్ర ప్రసార చార్జీలను కేంద్రం మాఫీ చేసింది. ప్రసారం ఉచితమైనప్పుడు దూరానికి విలువేముంది? 2011 జూలై నుంచి అమలైన ప్రసార చార్జీల పద్ధతి చోటును బట్టి కొంత తేడా చూపేది. 2020 నవంబరు నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో ఆ తేడా పలచబడింది, మాఫీతో ఈ ప్లాంట్ల వరకు పూర్తిగా చెరిగిపోయింది. 2021 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ కేంద్ర సంస్థ సెకీ (సోలార్ ఎనర్జీ కార్పొరేషన్)తో 7,000 మెగావాట్లకు యూనిట్ రూ.2.49 చొప్పున ఒప్పందం చేసుకుంది. ఆ ప్లాంట్లు రాజస్థాన్‌లో వస్తాయన్నారు. అనంతపురం, కర్నూలు ఎండల్ని పక్కన పెట్టి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు అవతలి ఎండను కొనడం ఎలా గిట్టుబాటైందని అప్పుడు పెద్ద రగడ జరిగింది. రాజకీయాన్ని అటుంచితే జవాబు తేలిక. ఆ దూరం ఖరీదు రూ.2.49లో లేదు, మాఫీ చేసిన భాగాన్ని మిగతా వినియోగదారులు పంచుకుంటారు. సౌర ప్లాంటు ఏడాదిన్నర, రెండేళ్ళలో లేస్తుంది. దాని లైనుకు నాలుగైదేళ్ళు పడుతుంది. ఆపైన బట్టమేక పిట్ట కోసం 2021లో లైన్లను భూగర్భంలో వేయాలన్న సుప్రీంకోర్టు 2024లో ఆ ఆదేశం పరిధిని బాగా తగ్గించేలోపు కొంత కాలం గడిచింది. ఫలితంగా 2025లో మిట్టమధ్యాహ్నం వేళ వేల మెగావాట్ల సౌర ఉత్పత్తిని ఆపించాల్సి వచ్చింది. లైన్ల వాడకానికి శాశ్వత అనుమతి ఉన్నవాళ్ళకు దారి దొరికింది. తాత్కాలిక అనుమతితో నడుస్తున్నవాళ్ళ మీద కోత పడింది. ఎక్స్ఛేంజీలో ప్రాంతాల మధ్య ధర చీలడం లేదు కాబట్టి రద్దీ లేదని సంబరపడుతున్నవాళ్ళు ఈ కోతను చూడాలి. రద్దీ పోలేదు, ధర చూపు ఆనని మూలకు వెళ్ళి కూర్చుంది.

ధర చూపడానికి, దాచడానికి తేడా ఏమిటో చిన్న లెక్కతో తేల్చుకోవచ్చు. పడమట యూనిట్ రూ.3కు కావలసినంత కరెంటు ఉందనుకుందాం. తూర్పున 3,000 మెగావాట్ల వాడకం ఉంది, అక్కడ ఉత్పత్తి ఖర్చు యూనిట్‌కు రూ.7. మధ్య లైను మోసేది 1,000 మెగావాట్లే. చోటును బట్టి ధర ఉంటే పడమట రూ.3, తూర్పున రూ.7. తూర్పు వినియోగదారులు గంటకు 30 లక్షల యూనిట్లకు రూ.2.10 కోట్లు కడతారు. పడమటి ఉత్పత్తిదారులకు రూ.30 లక్షలు, తూర్పు వాళ్ళకు రూ.1.40 కోట్లు పోగా రూ.40 లక్షలు మిగులుతుంది. అదే రద్దీ సొమ్ము. దాన్ని తిరిగి వినియోగదారులకే ఇచ్చేస్తే నికరంగా పడేది రూ.1.70 కోట్లు. ఇప్పుడు ఒకే ధర అందాం. రూ.3కే 3,000 మెగావాట్లూ అమ్ముడైనట్టు కాగితం మీద తేలుతుంది, రూ.90 లక్షలు. లైను మోయలేదు గనక గ్రిడ్ నిర్వాహకుడు పడమట 2,000 మెగావాట్లు ఆపించి రూ.60 లక్షలు వెనక్కి తీసుకుని, తూర్పున రూ.1.40 కోట్లిచ్చి అంతే ఉత్పత్తి చేయించాలి. అదనంగా రూ.80 లక్షలు, మొత్తం మళ్ళీ రూ.1.70 కోట్లే. అంటే ఈ గంట వరకు ఒకే ధర పైసా కూడా మిగల్చలేదు. తేడా రేపటి నుంచి మొదలవుతుంది. మొదటి పద్ధతిలో కొత్త ప్లాంటు తూర్పుకు, కొత్త ఫ్యాక్టరీ పడమటికి పోవాలని ధర చెబుతుంది. ఇంకో మెగావాటు మోసే తీగకు గంటకు రూ.4,000 విలువుందనీ చెబుతుంది. రెండో పద్ధతిలో ఎవరికీ ఏమీ వినపడదు. పైగా పడమటి ఉత్పత్తిదారుకు కొత్త తెలివి పుడుతుంది. ఎలాగూ ఆపమంటారని తెలుసు కనుక, రూ.3కు అమ్మి, ఆపినందుకు రూపాయే వెనక్కిస్తానంటాడు. ఒక్క యూనిట్ కూడా పుట్టించకుండానే యూనిట్‌కు రూ.2 మిగిలాయి. ఇది ఊహ అనుకోనక్కర్లేదు. 2000–01 సంక్షోభంలో కాలిఫోర్నియాలో ఎన్‌రాన్ రద్దీని తగ్గించకుండానే తగ్గించినట్టు చూపి సొమ్ము చేసుకుంది. ఆ రాష్ట్రం 2009లో ప్రతి కూడలికీ ధర కట్టే పద్ధతికి మారింది. దేశమంతటికీ ఒకే ధర పట్టుకుని కూర్చున్న జర్మనీ, ఉత్తరాన గాలిమరలు ఆపించి దక్షిణాన వేరే ప్లాంట్లు నడిపించడం వంటి సర్దుబాట్లకు 2022లో 400 కోట్ల యూరోలకు పైగా ఖర్చు పెట్టింది.

తీగలు వేస్తే రద్దీ శాశ్వతంగా పోతుందన్న మాటకు టెక్సస్‌ను మించిన పరీక్ష లేదు. 2009లో అక్కడ గాలి కరెంటులో 17 శాతం దాకా ఆపేయాల్సి వచ్చింది. దాదాపు 700 కోట్ల డాలర్లతో, 18,500 మెగావాట్ల కోసం పశ్చిమ టెక్సస్ నుంచి నగరాలకు లైన్లు వేశారు. 2014కు కోత అర శాతానికి దిగింది. తీగల వాదులు కథను ఇక్కడితో ఆపేస్తారు. ఖాళీ లైన్లు కనబడేసరికి కొత్త గాలిమరలు, వాటి వెంట సౌర ప్లాంట్లు వచ్చాయి. 2022 నాటికి గాలి కరెంటులో 5 శాతం, సౌర కరెంటులో 9 శాతం మళ్ళీ కోతకు గురైంది. అక్కడ 2010 నుంచి కూడలి ధరలున్నాయి కదా, అవేం చేశాయని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ధరలు రద్దీని చూపాయి గానీ లైన్ల ఖర్చును రాష్ట్రంలోని వినియోగదారులందరి మీదా సమానంగా రుద్దారు. కొత్తగా వచ్చిన ఉత్పత్తిదారు మీద ఆ భారం పడలేదు. అసలు రద్దీ సున్నా కావడం లక్ష్యమే కాదు. సంక్రాంతి ముందు రెండు రోజులు హైదరాబాద్–విజయవాడ దారిలోని పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరతాయి. ఆ రెండు రోజుల కోసం విజయవాడ దారిని ఇరవై వరుసలు చేయమని ఎవరూ అడగరు. ఏడాదిలో కొన్ని గంటలు నిండే లైను పక్కన ఇంకో లైను వేయడమా, అక్కడో బ్యాటరీ పెట్టడమా, ఆ కాస్త కరెంటును వదులుకోవడమా అన్నది లెక్క మీద తేలాలి. చోటు ధర ఇచ్చేది ఆ లెక్కనే.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బరువైనది న్యాయానికి సంబంధించినది. బొగ్గు గనుల పక్కన పుట్టకపోవడం ఒక పల్లె తప్పా, దూరంగా ఉన్నందుకు పేదవాడు ఎక్కువ కట్టాలా అంటారు. అక్కర్లేదు. టోకు ధర వేరు, ఇంటి బిల్లు వేరు. ఇప్పుడు కూడా ఎక్స్ఛేంజీలో పావుగంటకో ధర పలుకుతుంది, ఇంట్లో స్లాబు ధర అలాగే ఉంటుంది. ఆ బాధ్యత రాష్ట్ర నియంత్రణ మండళ్ళది. అమెరికా మార్కెట్లలో చాలాచోట్ల ఉత్పత్తిదారుకు అతడి కూడలి ధర, వాడకందారుకు విశాలమైన ప్రాంతపు సగటు ధర వర్తిస్తాయి. పైన లెక్కలో చూసినట్టు రద్దీ సొమ్మును వినియోగదారులకు తిప్పి ఇవ్వవచ్చు. నిజంగా అన్యాయమైనది ఇప్పటి పద్ధతే. దూరాన ఉన్న పెద్ద ప్లాంటు ప్రసార ఖర్చును మాఫీ చేసి, ఆ ముక్కను ఇంటింటికీ కనపడకుండా పంచడం కన్నా రాయితీని రాయితీ అని పేరు పెట్టి బడ్జెట్‌లో చూపడం మేలు. పేదవాడికి సాయం చేయాలనుకున్నప్పుడు అతడి బిల్లులో చేయవచ్చు. అందుకు దేశం మొత్తం మీది ధరను గుడ్డిది చేయనక్కర్లేదు.

రెండో అభ్యంతరం పెట్టుబడిదారుది. ధర చోటును బట్టి మారితే పాతికేళ్ళ ప్రాజెక్టుకు బ్యాంకు అప్పెలా ఇస్తుందని. ఆ భయం ఇప్పుడు లేదా? మధ్యాహ్నం ప్లాంటు ఆపమన్నప్పుడు రాబడి సున్నా. ధర కాస్త తగ్గడం కన్నా అది పెద్ద దెబ్బ. ఒకటి ముందే లెక్కేసుకోగలిగిన నష్టం, రెండోది ఎప్పుడు పడుతుందో తెలియని కోత. రెండు చోట్ల ధరల తేడాను ముందుగా కొనుక్కుని నిబ్బరంగా ఉండే హక్కు పత్రాలు కూడా అలాంటి మార్కెట్లలో ఉన్నాయి. మూడోది నిజంగా జాగ్రత్త పడాల్సింది. మార్కెట్‌ను చిన్న ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో ఒకరిద్దరే అమ్మకందార్లు మిగిలి ధరను ఇష్టమొచ్చినట్టు పెంచవచ్చు. అందుకే ఒక్కసారిగా వేల కూడళ్ళకు పోకుండా, నిజంగా ఇరుకైన చోట్ల గీసిన కొన్ని మండలాలతో మొదలుపెట్టాలి. ఎక్స్ఛేంజీల్లో ఉన్న యూనిట్‌కు రూ.10 గరిష్ఠ పరిమితి లాంటి కట్టడిని, గట్టి నిఘాను కొనసాగించాలి. లెక్కలు కష్టమన్న మాట మాత్రం చెల్లదు. 2019 ఏప్రిల్ నుంచి జాతీయ లోడ్ డిస్పాచ్ సెంటర్ అంతర్రాష్ట్ర థర్మల్ కేంద్రాలను లైన్ల పరిమితులకు లోబడి అతి తక్కువ ఖర్చుతో నడిపే లెక్క రోజూ చేస్తూనే ఉంది. చేయలేనిది కాదు, బయటికి చూపనిది. పైగా దేశం వాడే కరెంటులో ఎక్స్ఛేంజీల గుండా పోయేది పదో వంతు కూడా లేదు. మిగతాది దీర్ఘకాలిక ఒప్పందాల్లో ఉండి చోటు ధరను చూడనే చూడదు. మార్పు అక్కడికీ చేరాలి.

తీగ ఖరీదు రూ.9.15 లక్షల కోట్లతో ముగిసిపోదన్న సంగతి కూడా మరవకూడదు. మిరప చేలో నాలుగు కాళ్ళు మోపి టవరు నిలబడితే ఆ కాళ్ళ మధ్య ట్రాక్టరు తిరగదు. తీగల కింద కొబ్బరి పెంచడానికి లేదు, జామాయిల్ వేయడానికి లేదు, ఇల్లు కట్టుకోవడానికి లేదు. భూమి రైతు పేరునే ఉంటుంది, కొనేవాడు మాత్రం రాడు. 2015 మార్గదర్శకాలు టవరు కింది భూమికి విలువలో 85 శాతం, తీగల కింది పట్టీకి 15 శాతం పరిహారం అన్నాయి. 2024 జూన్‌లో వాటిని 200, 30 శాతాలకు పెంచారు. తప్పు ఇన్నాళ్ళు జరిగిందని ఒప్పుకున్నట్టే. అవసరమైన లైనుకు రైతు భూమి ఇవ్వక తప్పకపోవచ్చు. మాఫీ చలవతో ఎక్కడో కట్టిన ప్లాంటును గట్టెక్కించడానికి వేసే లైను కోసం అతడి చేనును అడగడానికి ముందు, ఆ లైను విలువెంతో ఎవరైనా లెక్క చెప్పాలి కదా.

ఈ లెక్క మన గుమ్మంలోకే వస్తోంది. ఆంధ్రప్రదేశ్‌కు ఎండా గాలీ రాయలసీమలో ఉన్నాయి. మధ్యాహ్నపు కరెంటును దాచుకోగల పిన్నాపురం పంప్డ్ స్టోరేజీ కూడా అక్కడే కర్నూలు సీమలో ఉంది. 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన గిగావాట్ స్థాయి డేటా సెంటర్ వచ్చేది రాష్ట్రానికి ఆ చివర విశాఖలో. సముద్రపు కేబుళ్ళ కోసం, నగరం కోసం విశాఖను ఎంచుకోవడంలో తప్పులేదు. కరెంటు వైపు నుంచి చూస్తే మాత్రం ఆ ఎంపికకు ఖరీదుంది. రాయలసీమ నుంచి లైన్లు లాగాలా, విశాఖ పక్కనే బ్యాటరీలు పెట్టాలా, వాడకాన్ని మధ్యాహ్నానికి జరపమని అడగాలా అన్న ప్రశ్నలకు రెండు చోట్లా ఒకే ధర ఉంటే జవాబు దొరకదు. అందరికీ అన్నీ సమానంగా గిట్టుబాటైనట్టే కనిపిస్తుంది. చోటును బట్టి ధర ఉంటే ఆ ఖరీదు డేటా సెంటర్ యజమాని ముందు, పెట్టుబడి పెట్టకముందే ఉంటుంది. లేకపోతే అది నాలుగేళ్ళ తర్వాత వస్తుంది, ప్రొద్దుటూరులో రెండు ఫ్యాన్లూ నాలుగు లైట్లూ ఉన్న ఇంటి బిల్లులో, పాత ఖర్చుల సర్దుబాటుగా, ట్రూఅప్ అన్న వరుసలో.